సెరిబ్రల్ పాల్సీ పిల్లల కదలిక, మెదడు స్కాన్: రాయగడ వైపు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడలో పిల్లలకి ఫిజియోథెరపీ చేస్తుంటాను. గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి, అటు జయపురం నుంచి వచ్చే మన తెలుగు కుటుంబాలు సంచిలోంచి ఎమ్మారై కవరు తీసి బల్ల మీద పెట్టి అడిగే మాటలు ఇంచుమించు ఒకటే. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, ఆసుపత్రిలో మాట ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో. మధ్యలో అసలు సంగతి జారిపోతుంది. అందుకని అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టొచ్చు. నేను న్యూరాలజిస్టుని కాదు. మీ పిల్లల మందుల సంగతి వాళ్ల డాక్టరే చెప్పాలి.

## స్కాన్ తీయించాలా వద్దా అనుకుంటున్నప్పుడు

బిగుసుకుపోయేది కాళ్లు కదా, తలకి స్కాన్ ఎందుకు?

కాళ్లలో కండ, ఎముక, నరం మొదట్లో బాగానే ఉంటాయి. వాటికి హుకుం ఇచ్చే చోట దెబ్బ తగిలింది. సెరిబ్రల్ పాల్సీ (సీపీ) అంటే కడుపులో ఉండగానో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో ఎదుగుతున్న మెదడుకి జరిగిన నష్టం వల్ల కదలిక, నిలకడ దెబ్బతినడం. పోలియో అలా కాదు, అది వెన్నుపాములోని నరాల కణాలని తింటుంది, కాలు మెత్తబడి వేలాడుతుంది. మన ఊళ్లలో ఇప్పటికీ రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు కాబట్టి ఇది చెప్పాల్సి వస్తోంది.

స్కాన్ తీయకుండానే సీపీ అని ఎలా చెప్పేశారు?

చెప్పొచ్చు. సీపీని నిర్ధారించేది పిల్లని పరీక్షించే చేతులూ కళ్లూ. స్కాన్ దానికి తోడు. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఉన్న ఆధారాలన్నీ పోగేసి, 5 నెలలు నిండేలోపే సీపీని పసిగట్టే దారి చూపింది. ప్రెక్టల్ పద్ధతిలో పసిబిడ్డ వెల్లకిలా పడుకుని తనంతట తాను చేసే కదలికల్ని వీడియోలో చూసి అంచనా వేయడం అందులో ఒకటి. ముప్పు ఉన్న పిల్లల్లో సీపీని పట్టుకోవడంలో దాని సున్నితత్వం 98 శాతం, అంటే సీపీ ఉన్న 100 మందిలో 98 మందిని పట్టుకుంటుంది. హామర్‌స్మిత్ పసిపిల్లల నరాల పరీక్షది 90 శాతం. నెలలు నిండే వేళకి తీసిన ఎమ్మారైది 86 నుంచి 89 శాతం. అంటే కోట్ల మెషిన్ కన్నా నేర్చిన కన్ను ఒక పిసరు ముందే ఉంది. మూడూ కలిపి చూడటం మేలు.

ఆ వీడియోకి 3 నుంచి 5 నెలల వయసు కీలకం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టాలి. బిడ్డ మెలకువగా, ఏడవకుండా, చేతిలో ఆటబొమ్మ లేకుండా ఉన్నప్పుడు ఫోన్‌తో తీసిన కొన్ని నిమిషాల వీడియో చాలు.

సీటీ అయిపోయింది. మళ్లీ ఎమ్మారై అంటున్నారు, డబ్బుకేనా?

ఆ అనుమానం రావడం తప్పు కాదు, కానీ ఇక్కడ కారణం ఉంది. సీటీ నిమిషాల్లో అయిపోతుంది. రక్తస్రావం, సున్నం పేరుకున్న మచ్చలు అందులో బాగా తెలుస్తాయి. కదలిక తంతులు నడిచే తెల్ల పదార్థంలో ఉన్న సన్నటి మచ్చలు మాత్రం ఎమ్మారైలోనే తెలుస్తాయి. పైగా సీటీలో ఎక్స్ కిరణాలు పడతాయి. సీపీ పిల్లలకి సీటీ కన్నా ఎమ్మారైయే తీయాలని అమెరికా న్యూరాలజీ అకాడమీ 2004లోనే చెప్పింది.

ఈఈజీ తీశారు, అది చాలదా?

ఈఈజీ ఫిట్స్ కోసం. మెదడు రూపం అందులో కనిపించదు.

ఏ వయసులో తీయిస్తే మంచిది?

నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్న బిడ్డకి ముందు మాడు మీద అల్ట్రాసౌండ్ చేస్తారు. మాడు పూడకముందు అదే కిటికీ. తర్వాత ఎమ్మారై. 6 నుంచి 18 నెలల మధ్య ఒక చిక్కుంది. నరాల తంతుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు అప్పుడే అల్లుకుంటూ ఉంటుంది కాబట్టి చిన్న మచ్చలు అందులో కలిసిపోవచ్చు. 2 ఏళ్లు దాటాక బొమ్మ తేటపడుతుంది. అందుకే ఏడాది వయసులో "నార్మల్" అని వచ్చి, కదలిక మాత్రం సరిగా లేకపోతే డాక్టరు 2 ఏళ్ల తర్వాత మళ్లీ తీయమనవచ్చు. అంతవరకూ థెరపీ ఆపి కూర్చోవద్దు.

వైజాగ్ వెళ్లాలా, బరంపురం వెళ్లాలా? మా కార్డు చెల్లుతుందా?

మనవాళ్ల కాళ్లు సహజంగా వైజాగ్ రైలు వైపే నడుస్తాయి, భాష సుఖం. బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ మెడికల్ కాలేజీ, భువనేశ్వర్ ఎయిమ్స్ మన రాష్ట్రంలోనివి. ఎక్కడికెళ్లినా ముందే ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి. చిన్నపిల్లలకి మత్తు ఇచ్చే డాక్టరు ఆ రోజు ఉంటారా? పిల్లల మెదడు స్కాన్లు చదివే అలవాటున్న రేడియాలజిస్టు చూస్తారా?

కార్డు సంగతి: ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఒడిశా రేషన్ కార్డు మీద రాదు. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలో కూడా పనిచేస్తుంది కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. బయట చేయించుకునే స్కాన్‌కి చేతి డబ్బే పడుతుందనుకుని బయల్దేరండి. వెళ్లేముందు జిల్లా ఆసుపత్రిలో ఉండే డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని చూసే కేంద్రంలో అడగండి. 18 ఏళ్ల లోపు పిల్లల్ని అంగన్‌వాడీల్లో, బడుల్లో చూసి అక్కడికి పంపే కేంద్ర పథకం 2013 నుంచి ఉంది. మీ ఆశా దీదీకి ఆ దారి తెలుస్తుంది.

## స్కాన్ రోజు

ఆ గొట్టంలో కరెంటు పెడతారా? కిరణాలు తగుల్తాయా?

రెండూ లేవు. అది పెద్ద అయస్కాంతం, దానికి తోడు రేడియో తరంగాలు. 1.5 టెస్లా మెషిన్ అంటే భూమికుండే అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు. పిల్లల్ని భయపెట్టేది మోత. రేకుల షెడ్డు మీద సుత్తితో కొట్టినట్టుంటుంది. చెవులకి దూది కాదు, వాళ్లిచ్చే ఇయర్ ప్లగ్గులే పెట్టించండి. మొత్తం 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది.

మొలతాడు, తాయెత్తు తీయాల్నా? తీస్తే మంచిది కాదంటోంది మా అత్తగారు

తీయాలి. వెండి అయస్కాంతానికి అతుక్కోదు, నిజమే, కానీ మన వెండిలో ఏం కలిసిందో తెలియదు. మెషిన్‌లో లోహం వేడెక్కవచ్చు, బొమ్మ చెడగొట్టవచ్చు. తాయెత్తు గొట్టం రాగో ఇనుమో చూసి చెప్పలేం. కడియాలు, పిన్నీసు, హుక్కుల చొక్కా, కాలికి వేసే స్ప్లింటు, అన్నీ గది బయటే. నేను వెంట వెళ్లిన ఒక బాబుకి మత్తిచ్చి లోపలికి పంపాక నడుం దగ్గర వెండి గొలుసు బయటపడింది. అది తీసేలోపు లేచి కూర్చున్నాడు, మళ్లీ ఇంకో రోజు, మళ్లీ ఖర్చు. అప్పట్నుంచీ నేను పెద్దవాళ్లతో వాదన పెట్టుకోను. తాయెత్తుని అమ్మ చేతికి కట్టుకోమంటాను, స్కాన్ అవగానే బిడ్డకి కట్టేయొచ్చు. అమ్మ మాత్రం బిడ్డతో మెషిన్ గదిలోకి వెళ్లేటట్టయితే అది బయట అమ్మమ్మ దగ్గరుండాలి.

తలలో షంట్ (నీరు దించే గొట్టం), చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, ఒంట్లో మందు పంపు ఉంటే అపాయింట్‌మెంట్ అప్పుడే చెప్పి, ఆపరేషన్ కాగితం చూపించాలి. ఇందులో మొహమాటం వద్దు.

నిద్ర మందు ఇస్తారట. లేవకపోతే?

ఈ భయంతో స్కాన్ మానుకున్నవాళ్లు ఉన్నారు. వేలికి ఆక్సిజన్ క్లిప్ పెట్టి, మత్తు డాక్టరు దగ్గరుండి చూస్తే చాలామంది పిల్లలు మామూలుగానే లేచి పాలడుగుతారు. అయితే సీపీ పిల్లల్లో కొందరికి మింగడం కష్టం, గొంతులో కఫం, గురక ఉంటాయి. అవి దాచొద్దు. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే వాయిదా వేయమని మీరే అడగండి, రైలు టికెట్ పోయినా సరే. నెలల బిడ్డకైతే కొన్నిచోట్ల మందు లేకుండానే పాలు పట్టి, గుడ్డలో గట్టిగా చుట్టి, నిద్రలో తీసేస్తారు.

ఖాళీ కడుపు అంటే పాలు కూడా వద్దా?

సాధారణంగా అన్నం, చోడి జావ, ఆవుపాలు, డబ్బా పాలు 6 గంటల ముందు ఆపాలి. తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు. మీ సెంటర్ చెప్పిన లెక్కే చివరి మాట. "ఏడుస్తున్నాడని ఒక్క బిస్కెట్" ఇచ్చేది తాతయ్యలే, వాళ్లకి ముందు చెప్పండి. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే ఇంత పట్టు. తెల్లవారుజామున ఊళ్లో బయల్దేరి మధ్యాహ్నం వరకూ పస్తుంచడం బిడ్డకి నరకం. ముందు రోజు చేరుకుని పొద్దున్న మొదటి టైము అడగండి.

ఫిట్స్ మాత్ర ఆ పూట మానేయాలా?

మీ అంతట మీరు మానొద్దు. చాలామందికి కొద్ది నీళ్లతో రోజూ వేసే టైముకే వేయమంటారు. ముందు రోజే డాక్టర్ని అడిగి పెట్టుకోండి.

## రిపోర్టు చేతికొచ్చాక

"పెరివెంట్రిక్యులర్ ల్యూకోమలేషియా" అని రాశారు. క్యాన్సరా?

కాదమ్మా. పేరు చివర "మలేషియా" అంటే మెత్తబడటం. మెదడు మధ్యలో నీటి గదులుంటాయి, వాటి పక్కనున్న తెల్ల పదార్థం దెబ్బతిన్నదని అర్థం. గర్భం సుమారు 24 నుంచి 34 వారాల మధ్య ఆ చోటు చాలా నాజూకు, అందుకే నెలలు నిండని పిల్లల్లో ఎక్కువ. మెదడు పైనుంచి వెన్నుపాముకి దిగే కదలిక తంతుల్లో కాళ్లవి ఆ నీటి గదులకి అన్నిటికన్నా దగ్గరగా పోతాయి, చేతులవి కాస్త ఎడంగా, ముఖానివి ఇంకా ఎడంగా. నాగావళి పొంగితే గట్టు పక్క మడి ముందు మునిగినట్టు, కాళ్లు ముందు దెబ్బతింటాయి. చేతులతో చక్కగా తింటూ, కాళ్లు కత్తెరలా పడే పిల్లల ఫిల్ముల్లో తరచుగా ఉండేది ఇదే.

"బేసల్ గాంగ్లియా, థాలమస్" అని ఉంటే?

నెలలు నిండిన బిడ్డకి ఒక్కసారిగా ఊపిరి అందకపోతే దెబ్బతినే లోతట్టు చోట్లవి. అక్కడ దెబ్బయితే ఒళ్లు బిగుసుకోవడమే కాదు, మెలికలు తిరుగుతుంది, అనుకున్న పని చేయబోతే వేరే కదలిక వస్తుంది. పుట్టిన వారంలో కామెర్లు బాగా ముదిరి వైద్యం అందకపోతే, అదే ప్రాంతంలోని గ్లోబస్ పాలిడస్ అనే చిన్న ముద్ద దెబ్బతింటుంది. నీలి లైటు కింద పెట్టి తప్పించగలిగిన నష్టం అది. ఈ పిల్లల్లో తెలివి బాగా ఉండి మాట మాత్రం రాకపోవచ్చు. ఏం తెలియదనుకుని వాళ్ల ముందు మాట్లాడేస్తుంటారు, అది చూస్తే నాకు కోపం వస్తుంది.

దెబ్బ ఎడమ మెదడులో అంటున్నారు, పనిచేయనిది కుడి చెయ్యి. రిపోర్టు తప్పా?

సరిగ్గానే ఉంది. తంతులు మెడ పైభాగంలో, మెదడు మూలంలో ఇటువి అటు, అటువి ఇటు దాటతాయి.

వెంట్రికల్స్ పెద్దవి అని ఉంది. తలలో నీరు చేరిందా?

రెండు రకాలుగా జరుగుతుంది. నీరు దారి మూసుకుని ఒత్తిడి పెరిగితే తల చుట్టుకొలత గబగబా పెరుగుతుంది, వాంతులు, కళ్లు కిందికి వాలడం ఉంటాయి. దానికి న్యూరోసర్జన్ కావాలి, ఆలస్యం పనికిరాదు. చుట్టూ ఉన్న పదార్థం తగ్గి, ఆ ఖాళీని నీరు నింపడం రెండోది. రిపోర్టులో "ఎక్స్ వాక్యుయో" అన్న మాట ఉంటే ఇదే, ఒత్తిడి లేదు, ఆపరేషన్ అక్కర్లేదు. నెలనెలా తల చుట్టుకొలత రాసిపెట్టుకోండి.

ఎమ్మారై నార్మల్ అని వచ్చింది. అయితే సీపీ కాదా?

సీపీ ఉన్న ప్రతి 10 మందిలో 8, 9 మందికి ఎమ్మారైలో ఏదో మార్పు కనిపిస్తుంది. మిగతావాళ్లకి కనిపించదు. నార్మల్ వస్తే సంతోషించి ఊరుకోకూడదు, ఇంకాస్త వెతకాలి. మేనరికం ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, వచ్చిన పనులు పోతున్నాయా అని డాక్టరు అడుగుతారు. ఒక జబ్బుంది: పొద్దున్న బాగానే నడిచి, సాయంత్రానికి కాళ్లు మెలిపడతాయి. ఎమ్మారై శుభ్రంగా ఉంటుంది. సీపీ అనుకుని ఏళ్ల తరబడి వదిలేస్తారు. దానికి లెవోడోపా అనే మాత్ర ఇస్తే మార్పు కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. అరుదే. అయినా పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఉంటే డాక్టరుతో తప్పకుండా చెప్పండి.

స్కాన్ చూసి చెప్పండి, కాన్పులో తప్పు జరిగిందా? నేను ఏదైనా తప్పు తిన్నానా?

ఇది తల్లులు తలొంచుకుని అడిగే ప్రశ్న. దెబ్బ ఎలాంటిదో చూసి అది సుమారుగా ఏ నెలల్లో జరిగిందో చెప్పొచ్చు. మెదడు మడతలు సరిగా ఏర్పడకపోతే గర్భం మొదటి సగంలో, నీటి గదుల పక్క మచ్చయితే ఆ తర్వాతి నెలల్లో, లోతట్టు ముద్దల్లో అయితే కాన్పు దగ్గర. ఎవరి వల్ల అన్నది ఫిల్ములో ఉండదు. 1861లో లండన్ డాక్టర్ విలియం లిటిల్ దీన్ని కష్టమైన కాన్పుకి ముడిపెట్టాడు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్, అవును, మనోవిశ్లేషణతో పేరుపడ్డ ఆ ఫ్రాయిడే, మెదడులో ముందే ఉన్న ఇబ్బంది వల్లే కాన్పు కష్టమై ఉండొచ్చు కదా అని అడిగాడు. కాన్పులో ఊపిరాడకపోవడం వల్ల వచ్చిన కేసులు జనం అనుకునేంత ఎక్కువేమీ కాదు. బొప్పాయి తిన్నందుకు, గ్రహణం చూసినందుకు ఎవరికీ రాలేదు.

నడుస్తాడా లేదా ఫిల్ము చూసి చెప్పేయండి

చెప్పలేను. ఒకేలాంటి రెండు ఫిల్ములున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు పరుగెడతారు, ఒకరు వాకర్ పట్టుకుంటారు. ఫిల్ములో ఉండేది మచ్చ. కదలిక పిల్లలో ఉంటుంది. నడక గురించి అడగాల్సిన మాట "జీఎమ్ఎఫ్‌సీఎస్ ఎన్నో లెవెల్?" అని. 1997లో కెనడాలో తయారైన 5 మెట్ల కొలత అది. 1 అంటే ఆధారం లేకుండా నడవడం, 5 అంటే తల నిలపడానికే సాయం కావడం. 2 ఏళ్లు దాటాక వేసిన లెవెల్ అంత తేలిగ్గా మారదు కాబట్టి కుర్చీ కావాలా, వాకర్ కావాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఇంకో మాట. ఫిల్ముతో పాటు సీడీ అడిగి తీసుకోండి. తీసిన వందల బొమ్మల్లో ఫిల్ముకెక్కేవి కొన్నే.

## కదలికనే పట్టుకునే స్కాన్ల గురించి

కదులుతుంటే మెదడు ఫోటో తీస్తారట. అదేంటి?

ఫంక్షనల్ ఎమ్మారై. మెషిన్ అదే, పద్ధతి వేరు. పిల్లని లోపల పడుకోబెట్టి, "పిడికిలి మూసి తెరువు" అని 20, 30 సెకన్లు, "ఊరుకో" అని ఇంకో 20, 30 సెకన్లు, ఇలా మార్చి మార్చి చేయిస్తారు. చెయ్యి ఆడేటప్పుడు మెదడులో పనిచేసే చోటికి రక్తం ఎక్కువ పారుతుంది, ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ అయస్కాంత గుణం వేరు. ఆ తేడాని 1990లో జపాన్ శాస్త్రవేత్త సెయిజీ ఒగావా బృందం చూపింది. 1992 నుంచి మనుషుల్లో వాడుతున్నారు.

ఇక్కడే సీపీ పిల్లలతో కష్టం. తల 2, 3 మిల్లీమీటర్లు కదిలినా బొమ్మ పాడు. చెయ్యి మూయమంటే వీళ్లకి భుజం, మెడ, నోరు కూడా కదులుతాయి. మత్తిస్తే కదలరు కానీ అప్పుడు పిడికిలి ఎవరు మూస్తారు? అందుకని ముందు ఉత్తుత్తి మెషిన్‌లో రోజుల తరబడి అలవాటు చేస్తారు, లేదా ఇంకొకరు పిల్ల చేతిని ఆడిస్తారు. ఈ పరిశోధనల్లో చేరేది ఎక్కువగా పెద్ద పిల్లలూ, ఒక వైపు మాత్రమే బలహీనత ఉన్నవాళ్లూ. మంచం దిగలేని పిల్లల మెదడు గురించి మనకి తక్కువ తెలియడానికి ఇదొక కారణం.

ఎర్రగా వెలిగిన మచ్చ అంటే అక్కడ మెదడు బాగుందనా?

ఆ రంగు కంప్యూటర్ వేసింది. ఊరుకున్నప్పటికీ ఆడించినప్పటికీ లెక్కలో తేడా ఫలానా గీత దాటిన చోట రంగు పూస్తుంది. గీత కిందికి జరిపితే మచ్చ పెద్దదవుతుంది. రక్తం పెరుగుదల కూడా కదలిక తర్వాత 5, 6 సెకన్లకి గానీ శిఖరానికి చేరదు. అందుకే మచ్చ పెద్దదైతే మేలు, చిన్నదైతే కీడు అనడానికి లేదు. ఇద్దరు పిల్లల రంగు బొమ్మలు పక్కపక్కన పెట్టి పోల్చడం మరీ పొరపాటు.

దెబ్బ తగలని వైపు మెదడు పని అందుకుంటుందని విన్నాం. నిజమేనా?

నిజమే, ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. పుట్టినప్పుడు మెదడులోని ప్రతి సగం నుంచీ రెండు చేతులకీ తంతులుంటాయి. వాడుక పెరిగేకొద్దీ అదే వైపు తంతులు బలహీనపడి, అవతలి వైపువి గట్టిపడతాయి. మొదటి 2 ఏళ్లలో ఈ పోటీ జోరుగా సాగుతుంది. ఈలోపు ఒక వైపు మెదడుకి దెబ్బ తగిలితే, బాగున్న సగం తన వైపు తంతుల్ని వదులుకోదు, రెండు చేతుల్నీ తనే నడుపుతుంది. తల మీద అయస్కాంత తీగచుట్ట పెట్టి, ఒక్క తాకిడితో ఏ చేతి వేలు కదులుతుందో చూసే టీఎమ్ఎస్ అనే పరీక్షతో దీన్ని నిరూపించారు. ఆ పరికరం 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టింది.

అలాంటి పిల్లల్లో కొందరికి ఒక చెయ్యి మూస్తే రెండోదీ మూసుకుంటుంది. చీపురు పుల్ల పట్టుకోబోతే అవతలి చేతిలోని గ్లాసు జారిపోదు గానీ నలిగిపోతుంది. ఇంకో వింత, చెయ్యి కదిపే హుకుం వైపు మారినా, చేతి స్పర్శ మాత్రం చాలామందిలో పాత వైపుకే పోతుంది. హుకుం ఒక ఊళ్లో, సమాచారం ఇంకో ఊళ్లో. "కదపగలడు కానీ వాడడు" అని అమ్మలు చెప్పే చెయ్యి కొంత ఇదే. అందుకని నేను బలం వ్యాయామాలతో పాటు కళ్లు మూసి చింతగింజలు, శెనగలు తడిమి చెప్పే ఆట ఆడిస్తాను.

డీటీఐ అని రాసిచ్చారు. రంగు రంగుల దారాల బొమ్మ అదేనా?

అదే. నరాల తంతుల వెంబడి నీటి అణువులు ఎటు జరుగుతాయో చూసి, తంతుల దారిని కంప్యూటర్ గీస్తుంది. నిజంగా దారాల్ని ఫోటో తీసింది కాదు. దీనివల్ల ఒక ముఖ్యమైన సంగతి తెలిసింది: నెలలు నిండకుండా పుట్టిన సీపీ పిల్లల్లో కదలిక తంతులే కాదు, స్పర్శని మోసుకెళ్లే తంతులూ బాగా దెబ్బతింటాయి.

టోపీ పెట్టి చూసేదొకటి ఉందట, మత్తు అక్కర్లేదట?

దాని పేరు ఎన్ఐఆర్ఎస్. టోపీలోంచి హాని లేని పరారుణ కాంతి లోపలికి వెళ్లి వస్తుంది, రక్తంలో ఆక్సిజన్ మార్పు తెలుస్తుంది. పిల్ల కూర్చుని ఆడుతూ, నడుస్తూ కూడా ఉండొచ్చు. మెదడు పైపొర వరకే చూడగలదు.

మరి ఇవన్నీ మా బాబుకి తీయించాలా?

అక్కర్లేదు. మామూలు ఎమ్మారై ఒకసారి బాగా తీస్తే చాలు. మిగతావి ప్రస్తుతానికి ముఖ్యంగా పరిశోధనకి. మెదడు ఆపరేషన్ ముందు మాత్రం కొందరికి నిజంగానే అవసరపడతాయి. "ఏం నిర్ణయం మారుతుందని ఇది తీయిస్తున్నారు?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ డబ్బుతో కాలి స్ప్లింట్లు కొనండి.

## ఆ తర్వాత

థెరపీ చేస్తే మచ్చ పోతుందా? ఏడాదికోసారి స్కాన్ తీయించాలా?

మచ్చ పోదు, పెరగదు కూడా. బాగుపడేది మచ్చ చుట్టూ ఉన్న దారుల వాడకం. బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పని చేయించే పద్ధతి తర్వాత ఫంక్షనల్ ఎమ్మారైలో మార్పులు కనిపించాయి. అదే మార్పు చొక్కా బొత్తాం దగ్గర మీకు ఇంట్లోనే కనబడుతుంది. నెలకోసారి ఒకే చోట కూర్చోబెట్టి, ఒకే పని చేయిస్తూ ఫోన్‌లో వీడియో తీయండి. స్కాన్ మళ్లీ కావాల్సింది వచ్చిన పనులు పోతున్నప్పుడు, కొత్తగా ఫిట్స్ మొదలైనప్పుడు, తల పెరుగుతున్నప్పుడు.

ముందుకన్నా బిగుసుకుపోతున్నాడు. మెదడు ఇంకా పాడవుతోందా?

మెదడులో దెబ్బ అక్కడే ఆగి ఉంటుంది. ఎముక పెరుగుతోంది, బిగిసిన కండ దానితో సమానంగా సాగట్లేదు. ఇలా పెరిగే వయసులో తల స్కాన్ కన్నా తుంటి ఎక్స్‌రే ముఖ్యం. పైన చెప్పిన నడక కొలతలో 1వ లెవెల్ పిల్లల్లో తుంటి జారడం దాదాపు ఉండదు, 5వ లెవెల్లో సుమారు 90 శాతం మందికి జారుతుంది. నొప్పి వచ్చేదాకా ఆగితే ఆలస్యమే. ఎమ్మారైకి వేలు పెట్టి, ఈ చిన్న ఎక్స్‌రే ఒక్కసారీ తీయించని ఫైళ్లు నా దగ్గరికి చాలా వస్తాయి.

మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే స్కాన్‌లో రంగు మారిందని చూపిస్తున్నారు. వెళ్లాలా?

మన దేశంలో 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం సీపీకి మూలకణాలు ఆమోదం పొందిన వైద్యం కాదు, అనుమతి ఉన్న పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి. పరిశోధనలో మీ దగ్గర లక్షలు అడగకూడదు. ముందు, తర్వాత రంగు బొమ్మల్ని చూసి పొలం అమ్మొద్దు. ముందు చేయలేని ఏ పని ఇప్పుడు చేస్తున్నాడో చూపించమనండి.

వికలాంగ సర్టిఫికెట్‌కి ఎమ్మారై కావాలా?

తీసుకెళ్లడం మంచిదే, కానీ శాతం వేసేది పిల్ల చేయగల, చేయలేని పనుల్ని చూసి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ పేరు విడిగా ఉంది, కాబట్టి కాగితంలో ఆ మాటే రాయించండి, "పోలియో" అనో "పక్షవాతం" అనో రాస్తే ఒప్పుకోకండి. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు వచ్చాక నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాకి దరఖాస్తు పెట్టండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చుకీ వర్తిస్తుంది. ప్రతి బిల్లూ, రైలు టికెట్టూ ఒక కవరులో దాచండి. ఎమ్మారై కవరే పెద్దది, అందులో వేసేయండి.